మీ పుట్టికి ఎన్ని కిలోలు?

(నెల్లూరులో వర్తకులు, లారీ ఆఫీసుల వాళ్లు, ముఠా మేస్త్రీలు అంటే బస్తాలు ఎత్తి దించే కూలీల జట్ల పెద్దలు, ఇంజినీరింగు విద్యార్థులు కలిసి కూర్చున్న ఒక సభలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ఆ మైకు ఇంకొంచెం పైకెత్తు నాయనా, వెనక బెంచీల్లో ముఠా వాళ్లు కూర్చున్నారు. వాళ్లకి వినపడకపోతే నేనొచ్చిన పని సగం చెడినట్టే.

నాకిచ్చిన విషయం పేరు పలకడానికే ఒక ఊపిరి పడుతుంది. "పట్టణాల్లో సరుకు పంపిణీ పథకాల పనితీరును కొలవడం". మా నాన్న మన టోకు బజారు స్టోన్‌హౌస్‌పేటలో ఒక లారీ ఆఫీసులో గుమాస్తా. వేసవి సెలవుల్లో ఆయన పక్కన కూర్చుని ఎల్‌ఆర్ పుస్తకంలో, అంటే లారీకెక్కిన సరుక్కి రాసే రసీదుల పుస్తకంలో, కార్బన్ కాగితం సర్దడం నా ఉద్యోగం. ఆ తర్వాత ఇంజినీరింగు చదివి ముప్పై ఏళ్లు రవాణా పాఠాలు చెప్పాను. పాఠాల్లో కొలతలు వేరు, ఆ బల్ల దగ్గర చూసిన కొలతలు వేరు. ఇవాళ రెండింటినీ ఎదురెదురుగా కూర్చోబెడదామని వచ్చాను.

పుట్టితో మొదలుపెడతా. మన జిల్లాలో వడ్ల బేరం పుట్టి మీద నడుస్తుంది. పుట్టి అంటే 850 కిలోలు. గోదావరి వైపు పోతే 75 కిలోల బస్తా లెక్క. మన రైతు "పుట్టి ఇంతకి పోయింది" అంటే భీమవరంలో ఉన్న వియ్యంకుడికి అది మంచి ధరో కాదో తెలియాలంటే కాగితం, కలం తీయాలి. సరే, అది రెండు ఊళ్ల మధ్య తేడా. గొడవ ఎక్కడొస్తుందంటే, తేమ ఉందనో తాలు ఉందనో చెప్పి పుట్టికి ఇంకొన్ని కిలోలు ఎక్కువ తూయమన్నప్పుడు. "ధర ఒక్క రూపాయి తగ్గించలేదు గదా" అంటాడు కొనేవాడు. నిజమే, ధర తగ్గలేదు. పుట్టి సాగింది.

సరుకు పంపిణీ పథకాల లెక్కల్లో నేను చూసిన మోసాల్లో, మోసం అనకూడదేమో, పొరపాట్లలో ఎక్కువ భాగం ఇదే. చెప్పిన అంకె నిజమే అయ్యుంటుంది. దాని కింద ఉన్న పుట్టి సాగి ఉంటుంది. "బండ్లు సగానికి తగ్గాయి" అంటారు. ఎవరి బండ్లు? ఏ వీధిలో? ఏ నెలలో? దేనికి సగం?

పథకాలంటే బ్రహ్మవిద్యేమీ కాదు. ఏ దేశంలో చూసినా నాలుగైదు రకాలే. పగలు పెద్ద లారీలకి నో ఎంట్రీ. ఊరి బయట గోడౌను కట్టి అందరి సరుకూ అక్కడ దించి, చిన్న బండ్లలో కలిపి లోపలికి పంపడం. ఆ చిన్న బండ్లని కరెంటువి చేయడం. రాత్రిపూట దింపుకోమనడం. కొట్ల ముందు గీతలు గీసి ఫలానా వేళ సరుకు బండ్లకే అనడం. ట్రంకు రోడ్డు నెల్లూరుదైనా ఒంగోలుదైనా, ఇంతకు మించి ఎవరూ కొత్తది చెప్పలేదు.

వీటిలో జనానికి అన్నిటికన్నా నచ్చేది మొదటిది. పెద్ద లారీ కనబడితే చాలు, ట్రాఫిక్కంతా దాని వల్లే అనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. ఇది నేను బల్ల మీద వేస్తున్న లెక్క, ఎవరి కొట్టు లెక్కా కాదు, ముందే చెబుతున్నా.

పది టన్నుల బియ్యంతో ఒక ఆరు చక్రాల లారీ బైపాస్ దిగింది. 26 కిలోల బస్తాలు, అంటే సుమారు 385. బైపాస్ నుంచి కొట్టుకి మూడు కిలోమీటర్లు అనుకుందాం. రానూ పోనూ ఆరు. లీటరుకి నాలుగు కిలోమీటర్లు ఇస్తే ఒకటిన్నర లీటరు డీజిలు. డీజిలు లీటరు కాలితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడు వస్తుంది. నాలుగు కిలోలు అనుకోండి. నలుగురు మనుషులు గంటన్నరలో దించేస్తారు. ఎనిమిది మీటర్ల లారీ తొంభై నిమిషాలు రోడ్డుని ఆక్రమించింది.

ఇప్పుడు నో ఎంట్రీ పెట్టాం. అదే బియ్యం టాటా ఏస్‌లో పోవాలి. 750 కిలోల బండి, 28 బస్తాలు పడతాయి. 14 ట్రిప్పులు. ట్రిప్పుకి ఆరు కిలోమీటర్ల చొప్పున 84 కిలోమీటర్లు. లీటరుకి పదహారు ఇచ్చినా ఐదుంబావు లీటర్ల డీజిలు, పద్నాలుగు కిలోల పొగ. రోడ్డు ఆక్రమణ చూస్తే, బండి నాలుగు మీటర్ల లోపే, కానీ పదిహేను నిమిషాల చొప్పున పద్నాలుగు సార్లు నిలబడింది. పొడవుని నిమిషాలతో గుణించి చూడండి. లారీది 720. ఏస్‌ది 800 దగ్గర. రోడ్డు ఏం మిగిలింది? ఏమీ మిగలలేదు. పైగా మూడింతలు పొగ.

కానీ గాంధీబొమ్మ దగ్గర నిలబడి లారీలు లెక్కపెట్టే మనిషి పుస్తకంలో ఏముంటుంది? "నిన్నటి దాకా లారీలు వచ్చేవి, ఇవాళ సున్నా". పథకం నూటికి నూరు పాళ్లు విజయం. పేపర్లో ఫోటో కూడా పడుతుంది. (నవ్వులు)

అందుకే మొట్టమొదట అడగాల్సింది, పుట్టి ఏది అని. బండిని పుట్టిగా పెడితే ఒక జవాబు, కిలోమీటరుని పెడితే ఒకటి, కొట్లోకి చేరిన టన్నుని పెడితే ఇంకొకటి. నా వరకు నేను చివరిదానికే కట్టుబడతా. ఊరికి కావలసింది బియ్యం, బండ్లు కాదు. చేరిన ప్రతి టన్నుకి ఎన్ని కిలోమీటర్లు తిరిగారు, ఎంతసేపు రోడ్డు వాడారు, ఎంత కాల్చారు, ఎంత ఖర్చయింది. కింద ఎప్పుడూ టన్నే ఉండాలి.

అయితే టన్నులోనూ ఒక కిటుకు ఉంది. బొరుగుల మూటల బండి చూశారా? కొండంత కనబడుతుంది, తూకం వేస్తే ఏమీ ఉండదు. ఆ బండి సగం ఖాళీగా పోతోందని బరువు లెక్కలో రాస్తే డ్రైవరు నవ్విపోతాడు. పరుపులు, ప్లాస్టిక్ బకెట్లు, చిప్స్ ప్యాకెట్లు, ఇవన్నీ అంతే. కాబట్టి బియ్యం, పప్పులు, నూనె డబ్బాలకి టన్ను. మందులు, ఫ్యాన్సీ సామాను, ఆన్‌లైన్ పార్సిళ్లకి పెట్టె లెక్క. రెండూ కలిపి ఒకే సగటు తీశారంటే ఆ సగటు బియ్యానికీ పనికిరాదు, బొరుగులకీ పనికిరాదు.

ఇంకోటి కూడా ఇక్కడే తేలిపోతుంది. నిండుగా వచ్చిన బియ్యం లారీని ఊరి బయట ఆపి దించడం తెలివితక్కువ. రెండు పెట్టెల మందుల కోసం ఒక వ్యాను, మూడు పెట్టెల బిస్కెట్ల కోసం ఇంకో వ్యాను ఒకే వీధికి వస్తుంటాయే, కలపాల్సింది వాటిని. గోడౌను పథకం మంచిదా చెడ్డదా అని అడిగితే, ఏ సరుక్కి అని ఎదురు అడగండి.

కరెంటు బండ్ల సంగతి. అర టన్ను మోసే కరెంటు ఆటో అనుకుందాం. పందొమ్మిది బస్తాలు. అదే లారీ సరుక్కి 21 ట్రిప్పులు, 126 కిలోమీటర్లు. పది కిలోమీటర్లకి ఒక యూనిట్ చొప్పున పన్నెండున్నర యూనిట్లు. మన దేశంలో ఒక యూనిట్ కరెంటు తయారీకి సగటున సుమారు 0.7 కిలో కార్బన్ డయాక్సైడు పడుతుంది. తొమ్మిది కిలోలకి దగ్గర. ఏస్ కంటే మేలు, నిండు లారీ కంటే రెట్టింపు. ఆ పొగ స్టోన్‌హౌస్‌పేటలో కనబడదు, అది నిజం. పీల్చే గాలి బాగుపడుతుంది, అదీ నిజం, చిన్న సంగతి కాదు. కానీ పొగ మాయం కాలేదు. అందులో కొంత మన నేలటూరు థర్మల్ కేంద్రం గొట్టంలోంచి పోతోంది. నేలటూరు కూడా మన జిల్లాయే గదండీ. ముత్తుకూరు మండలం వాళ్లెవరైనా ఉన్నారా ఇక్కడ? ఉంటే వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

లండన్‌లో 2009, 2010 ప్రాంతంలో ఇలాంటిదే ఒక ప్రయోగం జరిగింది. ఆఫీసులకి కాగితం, పెన్నులు, ఫైళ్లు అమ్మే కంపెనీ. అంతకుముందు ఊరి చివర డిపో నుంచి డీజిల్ వ్యాన్లు నేరుగా నగరం నడిబొడ్డుకి వచ్చేవి. దాన్ని మార్చి, నగరంలోనే ఒక చిన్న గోడౌను పెట్టి, రాత్రి ఒక పెద్ద బండిలో సరుకు తెచ్చి దించి, పొద్దున్నే కరెంటు వ్యాన్లు, మూడు చక్రాల సైకిళ్ల మీద పంచారు. వెస్ట్‌మినిస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొలిచారు. ఒక్కో పార్సిలుకి తిరిగిన దూరం మొత్తం మీద 20 శాతం తగ్గింది. పొగ 54 శాతం తగ్గింది. ఇంతవరకు అందరూ చెబుతారు. వాళ్లు రాసిన ఇంకో మాట నాకు నచ్చింది. నగరం నడిబొడ్డున మాత్రం పార్సిలుకి తిరిగే దూరం బాగా పెరిగింది. ఎందుకంటే చిన్న బండిలో తక్కువ పడుతుంది, మళ్లీ మళ్లీ రావాలి. మన 14 ట్రిప్పుల కథే. ఆ మాట దాచకుండా పక్కనే రాశారు. ప్రయోగం గడువు అయిపోయాక కూడా ఆ కంపెనీ తన ఇష్టంతో అదే పద్ధతి కొనసాగించింది. పనితీరుకి దాన్ని మించిన సర్టిఫికెట్టు నాకు తెలిసి లేదు.

ఎందుకంటే ఈ రంగం నిండా సమాధులే. జర్మనీలో 1990ల్లో ఊరూరా ఇలాంటి ఉమ్మడి పంపిణీ పథకాలు మొదలుపెట్టారు. చాలావాటికి సర్కారు సాయం ఆగగానే దీపం ఆరిపోయింది. హాలెండులో లైడెన్ అనే ఊళ్లో 1997లో పెట్టిన గోడౌను ఎక్కువ కాలం నిలవలేదు. ఇటలీలో పాదువా ఊళ్లో 2004లో మొదలైంది నిలబడింది. జపాన్‌లో ఫుకువొకా నగరంలో తెన్‌జిన్ అనే బజారు ఉంది. అక్కడ లారీ కంపెనీలు 1978 నుంచే సరుకు కలిపి పంచుకోవడం మొదలుపెట్టాయి. మన కరెంటు బండ్లూ, యాప్‌లూ ఏవీ అప్పటికి పుట్టలేదు.

బ్రిస్టల్‌ది చెప్పి ముందుకు పోతా. ఇంగ్లండులో బ్రిస్టల్ ఊరు, 2004లో గోడౌను తెరిచారు. పథకంలో చేరిన కొట్లకి వచ్చే బండ్లు సుమారు ముప్పాతిక వంతు తగ్గాయని లెక్క. గొప్ప అంకె. మళ్లీ పుట్టి దగ్గరికి రండి. అది చేరిన కొట్ల లెక్క. బజారులో ఉన్నవన్నీ చేరలేదు గదా? ఉదాహరణకి నూరు కొట్ల వీధిలో పది చేరి, ఆ పదికీ బండ్లు ముప్పాతిక తగ్గితే, వీధి మొత్తం మీద తగ్గేది ఏడున్నర శాతం. వీధిలో నడిచే ముసలాయనకి తేడా కూడా తెలియదు. పథకం పని చేసిందా అంటే చేరినవాళ్లకి చేసింది. ఊరికి చేసిందా అనేది వేరే ప్రశ్న. రెండు ప్రశ్నలకీ ఒకే అంకె వాడితే పుట్టి సాగినట్టే.

ఇక మన దగ్గరికి వద్దాం. బయటి దేశాల పుస్తకాల్లో కొట్టువాడు కదలడు, సరుకే వాడి గుమ్మానికి వస్తుంది. స్టోన్‌హౌస్‌పేటలో సగం కథ తలకిందులు. కోవూరు, బుచ్చి, ఇందుకూరుపేట, అల్లూరు నుంచి కిరాణా కొట్టు ఆయన తనే బస్సెక్కి వస్తాడు. నాలుగు కొట్లు తిరిగి, బేరం చేసి, సరుకు ఒకచోట పోగేసి, ఆటో మాట్లాడుకుంటాడు. ఆయన పోగొట్టుకున్న ఒక పూట ఏ లెక్కలోనూ ఉండదు. అది కూడా రవాణా ఖర్చే.

ఇంకోటి, టీవీఎస్ ఎక్సెల్. (నవ్వులు) ముందు రెండు బస్తాలు, వెనక ఒకటి, మధ్యలో మనిషి, ఆ మనిషి మోకాళ్లు ఎక్కడున్నాయో దేవుడికే తెలియాలి. ట్రాఫిక్ సర్వేలో దాన్ని ఏమని రాస్తారు? ద్విచక్ర వాహనం. నా విద్యార్థి ఒకడు కూడలిలో నిలబడి చక్కగా గీతలు గీసుకొచ్చాడు. సరుకు బండ్లు తక్కువే ఉన్నాయి సార్ అన్నాడు. ఎక్సెల్‌లు ఎక్కడ రాశావురా అంటే ద్విచక్రాల్లో అన్నాడు. మరుసటి రోజు కూడలి మానేసి కొట్టు గుమ్మం దగ్గర నిలబెట్టాను. గుమ్మం దగ్గర నిలబడితే అబద్ధం కుదరదు. లోపలికి పోయిందీ, బయటికొచ్చిందీ, ఏ బండి మీద వచ్చిందీ, ఎన్ని నిమిషాలు పట్టిందీ, అన్నీ కళ్ల ముందే జరుగుతాయి. ఈ-వే బిల్లులున్నాయి గదా, సరుకు కదిలేటప్పుడు జీఎస్టీ కోసం ఆన్‌లైన్‌లో తీసే కాగితాలు, వాటి నుంచి తీసుకోవచ్చు గదా అని ఎవరో అడిగారు పొద్దున. అది 50 వేల రూపాయలు దాటిన సరుక్కి. ఎక్సెల్ మీద పోయే మూడు బస్తాలు అందులో పడవు.

ఎప్పుడు కొలవాలనేది ఇంకా పెద్ద తలనొప్పి. "పోయిన సంవత్సరం జులైకి, ఈ సంవత్సరం జులైకి పోల్చాం" అంటారు. చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది. మన ఊళ్లో రొట్టెల పండగ ఉంది. బారా షహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువు దగ్గర ఎంత జనమో మీకు చెప్పాలా? ఆ రోజుల్లో దర్గామిట్ట వైపు సరుకు బండి కదలదు. ఆ పండగ మొహర్రంతో వస్తుంది, చంద్రుడి లెక్క. ప్రతి ఏడూ పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది. ఒక ఏడు మీ కొలత వారంలో పండగ పడి, మరుసటేడు పడకపోతే, మీరేమీ చేయకపోయినా బండ్ల వేగం పెరిగినట్టు కనబడుతుంది. ఆ పుణ్యం బారా షహీదులది, పథకానిది కాదు.

వాన కూడా అంతే. బయటివాళ్లు వానాకాలం అంటే జూన్ అనుకుంటారు. మనకి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. రైలు కట్ట ఊరిని రెండుగా కోసింది. ఆత్మకూరు బస్టాండు దగ్గర అండర్‌బ్రిడ్జిలో, మాగుంట లేఅవుటు అండర్‌బ్రిడ్జిలో నీళ్లు నిలిచిన రోజు అటు సరుకు ఇటు రాదు. మార్చి నెలలో ఒక వారం కొలిచి, సగటున ఇరవై నిమిషాల్లో చేరింది అని రాస్తే అది మార్చి నెల సంగతి. నేను సగటు అడగను. ఇరవై రోజులు రాయండి, వాటిలో అన్నిటికన్నా చెడ్డ రోజు ఎంతసేపు పట్టిందో చెప్పండి అంటాను. వ్యాపారి సరుకు నిల్వ పెట్టుకునేది ఆ రోజుకి భయపడే. పెళ్లివంటల మేస్త్రీ రొయ్యల మీద ఐసు ఎంత వేసుకోవాలో నిర్ణయించేదీ ఆ రోజే.

ఇప్పుడు మనుషుల గురించి. కొలత పెట్టగానే మనిషి దాని చుట్టూ దారి వెతుక్కుంటాడు. ఇందాక నేను 26 కిలోల బస్తా అన్నాను. ఎప్పట్నుంచి వచ్చింది ఈ 26? మా చిన్నప్పుడు ఎవరైనా 26 కిలోల బస్తా చూశారా? 2022 జులై 18 నుంచి, 25 కిలోల దాకా ప్యాకు చేసి లేబులు వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ అన్నారు. బస్తాలో ఒక్క కిలో పెరిగింది. అంతే, గీత దాటేశారు. తప్పు పట్టడం లేదు, చట్టం ఎక్కడ గీత గీస్తే వ్యాపారి దాని పక్కన నిలబడతాడు. కానీ ఆ కిలో ఎవరి భుజం మీద పడిందో వెనక బెంచీ వాళ్లకి తెలుసు.

మొన్న నాకు మందుల పార్సిలు రావాల్సి ఉంది. ఏ కంపెనీ అనేది వదిలేయండి. నేను ఇంట్లోనే, వరండాలోనే పేపరు చదువుకుంటున్నా. ఫోన్లో మెసేజి, "వచ్చాము, మీరు అందుబాటులో లేరు". మర్నాడు కుర్రాడొచ్చాడు. ఏం నాయనా, నిన్న ఎక్కడికొచ్చావు, వరండాలో నేను కనబడలేదా అన్నాను. "నిన్న బండి పంక్చరైంది తాతా. రాలేదని నొక్కితే నా లెక్కలో పడుద్ది. మీరు లేరని నొక్కితే పడదు" అన్నాడు. వాణ్ణి నేనేమీ అనలేదు, మంచినీళ్లిచ్చి పంపా. కానీ ఆ కంపెనీ పెద్దాఫీసులో ఎవరో ఒకాయన తెర మీద బొమ్మలు చూసి "నెల్లూరులో జనం ఇళ్లలో ఉండరు" అని తేల్చుంటాడు. దాని మీద ఇంకో పథకం కూడా వేసుంటాడు.

రాత్రి దిగుమతి సంగతి చెప్పమని వర్తకులు ప్రత్యేకంగా అడిగారు. న్యూయార్కులో 2009, 2010ల్లో చేసి చూశారు, సాయంత్రం ఏడు నుంచి పొద్దున ఆరు దాకా సరుకు దించడం. బండి నడిపేవాళ్లకి లాభమే, రోడ్డు ఖాళీ, పార్కింగు జరిమానాలు లేవు. అడ్డం తిరిగింది ఎక్కడంటే, రాత్రి కొట్టు ఎవరు తీసి ఉంచాలి? తీసి ఉంచిన మనిషికి జీతం ఎవరివ్వాలి? లాభం లారీ వాడికి, ఖర్చు కొట్టు వాడికి. అందుకని సరుకు దింపుకునేవాళ్లకి ఏదో ఒక ప్రోత్సాహం ఇవ్వాల్సొచ్చింది. తాళం చెవి నమ్మకంగా డ్రైవరుకే ఇచ్చి, మనిషి లేకుండా దింపుకున్నవాళ్లు ఆ పద్ధతిలో ఎక్కువ కాలం నిలబడ్డారు. స్టోన్‌హౌస్‌పేటలో తాళం చెవి ఇస్తారా? మీరే చెప్పండి. (నవ్వులు)

చప్పుడు ఇంకో లెక్క. మన దగ్గర కింద కొట్టు, పైన కాపురం. మన దేశంలో 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం రాత్రి పది దాటాక వ్యాపార ప్రాంతంలో 55 డెసిబెల్స్, నివాస ప్రాంతంలో 45. హాలెండులో రాత్రి దిగుమతికి వేరే నియమం పెట్టారు. ఏడున్నర మీటర్ల దూరంలో కొలిస్తే రాత్రి పదకొండు దాకా 65, ఆ తర్వాత 60 మించకూడదు. దానికోసం బండి తలుపులు, ట్రాలీ చక్రాలు, దించే పలకలు అన్నీ చప్పుడు తక్కువయ్యేలా మార్చుకున్నారు. మనం బస్తా నేల మీద వేస్తే వచ్చే "దబ్" ఎంతో ఎవరూ కొలవలేదు. వెనుక తలుపు గొలుసు చప్పుడు ఇంకా ఎక్కువ. రాత్రి దిగుమతి పెట్టాక ట్రాఫిక్ ఎంత తగ్గిందో కొలుస్తారు, పై అంతస్తులో పరీక్షకి చదివే పిల్ల నిద్ర ఎవరు కొలుస్తారు?

ఇక్కడే బ్రసెల్స్‌లో కాథీ మాఖారిస్ అనే ప్రొఫెసరు తెచ్చిన పద్ధతి నాకు ఉపయోగపడింది. పథకానికి సంబంధించిన ప్రతి వర్గానికీ విడివిడిగా చిట్టా రాయడం. కొట్టు వాడికి ఏది ముఖ్యమో ఆయన్నే అడగాలి. లారీ వాడిది వేరే, కార్పొరేషన్‌ది వేరే, వీధిలో ఉండేవాళ్లది వేరే. చివర్లో పక్కపక్కన పెట్టి చూపించాలి. ఒకడి కష్టంలోంచి ఇంకొకడి లాభం తీసేసి "మొత్తం మీద లాభమే" అనేస్తే, నష్టపోయినవాడు ఆర్నెల్లలో పథకాన్ని మెల్లగా చంపేస్తాడు. ఎలా చంపాడో కూడా ఎవరికీ తెలియదు.

ఆ చిట్టాల్లో ఒకటి ఏ దేశం పుస్తకంలోనూ నాకు సరిగా కనబడలేదు. మళ్లీ మన 385 బస్తాల దగ్గరికి రండి. లారీ నేరుగా కొట్టుకొస్తే ఒక్కో బస్తా ఒకసారి భుజమెక్కుతుంది. ఊరి బయట గోడౌను పెడితే? లారీ లోంచి గోడౌను నేల మీదికి ఒకసారి. నేల మీంచి ఏస్‌లోకి ఒకసారి. ఏస్‌లోంచి కొట్లోకి ఒకసారి. మూడు. పది టన్నుల బరువు భుజాల మీద ముప్పై టన్నులైంది. బస్తాకి ఇంత అని కూలీ ఇస్తారు కాబట్టి అది ముఠాకి ఆదాయమని ఒకరు వాదించారు. కావచ్చు. మరి ఆ గోడౌనులో ఫోర్క్‌లిఫ్టు పెడితే? అప్పుడు మూడు ఎత్తుళ్లలో రెండు యంత్రానికి పోతాయి, ఊళ్లో మిగిలిన ఒక్కటి ఎవరిది? ఏ ముఠాది? ఏ వీధి ఏ ముఠా కిందికి వస్తుందో ఎవరూ కాగితం మీద రాయలేదు, కానీ అందరికీ తెలుసు. లారీ ఆగగానే "యాడ దించేది నా?" అని అడిగే మనిషి ఎవరో లారీ డ్రైవరుకీ తెలుసు. పథకం గీసే కంప్యూటరుకి తెలియదు.

సరే, నా దగ్గర ఒక కాగితం ఉంది, ఒక పేజీనే. కొట్టు గుమ్మం దగ్గర నిలబడి నింపేది. ఏ సరుకు, ఎన్ని బస్తాలు లేదా పెట్టెలు, ఏ బండి, ఎక్కడ నుంచి, ఎప్పుడాగింది, ఎప్పుడు కదిలింది, ఎన్ని చేతులు మారింది. ఎక్సెల్‌కి వేరే గడి ఉంది, కంగారు పడకండి. ఏ పథకమైనా మొదలుపెట్టకముందు ఇది నిండాలి. మొదలయ్యాక పాత లెక్క కావాలంటే దొరకదు. అందరూ జ్ఞాపకం మీద చెబుతారు, జ్ఞాపకంలో ట్రాఫిక్ ఎప్పుడూ తక్కువే.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక వర్తకుడు: ఎంత కాలం రాయాలి సార్? గుమాస్తాలకి పని పెరుగుద్ది గదా.)

రోజూ వద్దండి. నెలకి రెండు రోజులు, ఒకటి మామూలు రోజు, ఒకటి రద్దీ రోజు. ఏడాది పాటు. సంక్రాంతి ముందు వారం ఒకసారి, రొట్టెల పండగలో ఒకసారి, నవంబరు వానలో అండర్‌బ్రిడ్జి మునిగిన రోజు తప్పకుండా ఒకసారి. ఆ రోజు గుమాస్తా ఎలాగూ ఖాళీగానే ఉంటాడు, సరుకు రాదు గదా.

(విద్యార్థిని: కొట్లవాళ్లు నిజం చెప్పకపోతే ఏం చేయాలి సార్? అమ్మకాలు తెలిసిపోతాయని భయపడతారు.)

మంచి ప్రశ్న అమ్మా. చెప్పరు. నేనైనా చెప్పను. అందుకే కాగితం మీద కొట్టు పేరు లేదు, రూపాయి లెక్క లేదు. వీధి పేరు, బస్తాల సంఖ్య, అంతే. కాగితాలు కార్పొరేషన్ దగ్గరా కాదు, పన్నుల శాఖ దగ్గరా కాదు, మీ కాలేజీలో ఉంటాయి. అది ముందే చెప్పి మొదలుపెట్టండి. అయినా నమ్మని వాళ్లుంటారు. వాళ్ల గుమ్మానికి ఎదురుగా టీ కొట్టు చూసుకుని కూర్చోండి, టీ డబ్బులు నేనిస్తా. (నవ్వులు)

(ముఠా మేస్త్రీ: సార్, మీ కాగితంలో 'ఎన్ని చేతులు మారింది' అని ఉండాది. ఎంత ఎత్తుకి ఎక్కించాం అనేది లేదు. లారీలో మూడో వరసకీ, ఏస్‌కీ ఒకటే కూలీ అంటారా?)

లేదయ్యా, అది లేదు. నాకు తట్టలేదు. వరస పెరిగే కొద్దీ బస్తా బరువు మారదు గానీ పని మారుతుంది. కాగితం చివర ఒక గడి ఖాళీగానే ఉంది. అచ్చు వేయించకముందు మీరొకసారి రండి. ఆ గడి పేరు ఏం పెట్టాలో, ఎన్నో వరస నుంచి లెక్క మొదలవ్వాలో మీరు చెబితే నేను రాసుకుంటా. సోమవారం పొద్దున కుదురుతుందా?